చింతపండుతో తోమిన చెంబు

పెద్దమ్మా,

ఫోనులో చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. ఇబ్రహీంపట్నంలో మీ కొత్త ఇంటి పునాదిలో దొరికిన రెండు రాగి చెంబుల సంగతి. యమున వదినతో చదివించుకో.

మా పురావస్తు శాఖ ల్యాబులో పాత రాగిని తోమం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని లేజర్ కాంతిని చుక్క చుక్కగా కొడితే, పైనున్న మట్టి దుమ్మై లేస్తుంది. చేతులు నొచ్చి నువ్వు తోమకుండా వదిలేసిన చెంబు మీద మూడు వారాలు అలా పనిచేశాను. మట్టి కింద, పచ్చని చిలుములో బట్ట నేత అచ్చు కనిపించింది. ఎవరో దాన్ని గుడ్డలో చుట్టి దాచారు. గుడ్డ ఎప్పుడో మట్టైపోయింది, పోగులు మాత్రం లెక్కపెట్టేలా ఉన్నాయి. అక్కడితో లేజర్ ఆపేశాను.

రెండోదాన్ని చింతపండుతో తోమి ఇచ్చావు. "సర్కారుకిచ్చేది గంత మురికితోని ఎట్లిస్త బిడ్డా?" అన్నావు. దాని మీదా ఆ గుడ్డ అచ్చే ఉండి ఉంటుంది, చిలుముతో పాటే పోయింది. తప్పు నాది. దొరికాయని నువ్వు ఫోన్ చేసిన రోజే ముట్టుకోవద్దని చెప్పాల్సింది.

చిలుము ఎలా పోయిందో రిపోర్టులో రాయాలి. తెలియదని రాశాను. పదిహేనేళ్లలో రిపోర్టులో అబద్ధం రాయడం ఇదే మొదలు. ఎవరడిగినా తోమానని చెప్పకు.

ప్రతి ఆదివారం అడుగుతావు, "నేను తోమిన చెంబు మంచిగ మెరుస్తున్నదా?" అని.

మెరుస్తోంది పెద్దమ్మా. చాలా బాగా మెరుస్తోంది.

నీ చెల్లెలి బిడ్డ