అరవైలో ఇరవై నాలుగు

4 ఆగస్టు 2003, సోమవారం. ఉదయం 6.10

అరవై కార్డుల కట్టలో భూమి కార్డులు ఎన్ని ఉండాలి? రెండేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. నంద్యాల డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి జీతం తీసుకుంటున్నదాన్ని. సిగ్గుగా ఉంది.

ఆట సంగతి రాసుకుంటే నాకే తేటపడుతుంది. ఉన్న కార్డుల్లోంచి ఎవరి కట్ట వాళ్లే పేర్చుకోవాలి. వంతుకు ఒక్క భూమి కార్డు పరచుకోవచ్చు. పరచిన భూమిని బట్టే చేతిలోని మృగాల కార్డులు బయటికి దిగుతాయి. భూమి తక్కువైతే చేతినిండా మృగాలుండీ ఒక్కటీ దిగదు. ఎక్కువైతే మైదానాలన్నీ మనవే, నిలబడి కొట్లాడే నాథుడుండడు. నిన్న ఆళ్లగడ్డలో నాకు రెండోది జరిగింది. అంతకుముందు ఆటలో మొదటిది.

ఓడినవాళ్లే మళ్లీసారి అవతలివాళ్ల ఇంటికి వెళ్లాలి. ఈ నియమం భ్రమరాంబికది. యూనివర్సిటీ హాస్టల్లో నా గదిలో ఉండేది, ఇప్పుడు ఆళ్లగడ్డలో బ్యాంకు ఉద్యోగం. బెంగళూరు ట్రైనింగు నుంచి ఈ కార్డులు తెచ్చిందీ తనే. ఇప్పటికి పంతొమ్మిదిసార్లు ఆళ్లగడ్డ బస్సెక్కాను. మేం ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది, తను గడప తొక్కలేదు. ఎప్పుడు పిలిచినా ఒకటే మాట: "ఓడితే వస్తాలే."

తీర్మానం: ఇరవై నాలుగు. పదిహేడో తేదీ ఆట దాకా కట్ట మీద చెయ్యి వేయను.

5, మంగళవారం

ముట్టుకోలేదు!

పిల్లలు వచ్చేలోపు క్లాసు బోర్డు మీద లెక్క వేశాను. మొదటి ఏడు కార్డుల్లో సగటున రెండు పాయింటు ఎనిమిది భూములు. మూడుకి దగ్గరే. ఎంత హాయిగా ఉందో. నిర్ణయం తీసుకున్నవాళ్లంతా ఇలాగే బతుకుతుంటారన్నమాట.

6, బుధవారం. ఉదయం 5.50

పాయింటు ఎనిమిది భూమి చేతికి రాదు కదా. ఈ మాట నిన్న ఎందుకు తోచలేదు?

ముట్టుకోలేదు. లెక్కపెట్టాను, అంతే. ఇరవై నాలుగే ఉన్నాయి.

8, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం

తొమ్మిదిమంది భోజనానికి ఎసట్లో బియ్యం పోశాను. మా అత్త వెంకటమ్మ పక్కనే నిలబడి ఇంకో గ్లాసు పోయమంది. మహానందికి పోయే చుట్టాలు ఏ రోజైనా చెప్పకుండా మా ఇంట్లో దిగుతారు. అందుకని తను కాపురానికి వచ్చిననాటి నుంచీ ఆ ఎక్కువ గ్లాసు పడుతూనే ఉంది. చాలులే అత్తా అన్నాను.

"మిగిలితే రేపు పెరుగు పోసుకొని తింటాం. చాలకపోతే మొగం యాడ పెట్టుకుంటావ్?" అంది.

ఇంత సూటిగా నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

మధ్యాహ్నం 2.40: ఇరవై ఐదో భూమి పెట్టాను. ఏదీ తీయలేదు. కట్ట అరవైకి తగ్గకూడదుగానీ మించవచ్చు. తీర్మానం చెడిందనలేం. ఆ ఇరవై నాలుగూ అలాగే ఉన్నాయి. ఇది పైది, ఊరికే జాగ్రత్తకి.

11, సోమవారం

భూమి పెరిగింది కాబట్టి దాని మీద నిలబడేవాళ్లూ పెరగాలి. రెండు మృగాలు. వాటికి చాలదేమోనని ఒక భూమి. దానికి ఒక ఏనుగు.

సాయంత్రానికి మొత్తం డెబ్బై. భూములు ఇరవై ఎనిమిది. నలభై శాతం. అరవైలో ఇరవై నాలుగూ నలభై శాతమే! అంటే తీర్మానం ఇసుమంత కూడా చెడలేదు. స్టాటిస్టిక్స్ చదివినందుకు ఇన్నాళ్లకు ప్రయోజనం.

15, శుక్రవారం

జెండా వందనం అయ్యాక ఇంటికొచ్చి, నిజం ఒప్పుకున్నాను. చెడింది. పది కార్డులు తీసేయాలని కూర్చున్నాను.

10.30: పది తీశాను.

11.15: వాటి మొహాలు చూస్తూ కూర్చున్నాను.

అత్త వచ్చి చూసింది. "ఏందమ్మా, పంక్తిలో కూర్చున్నోళ్లను లేపినట్టు అట్ల బాధపడతాండావ్?"

12.05: పదీ మళ్లీ పెట్టేశాను. ఇంకొకటి కూడా.

16, శనివారం

డెబ్బై నాలుగు. భూములు ముప్పై. శాతం లెక్క వేయలేదు. వేయదలచుకోలేదు.

కట్ట గుప్పిట్లో పట్టడం లేదు. చాటలో పోసి కలిపాను.

17, ఆదివారం. సాయంత్రం 5.30, ఆళ్లగడ్డ బస్టాండు

కట్టను చూడగానే భ్రమర, "ఏమే, ఊరంతటికీ పంచేదానికి తెచ్చినావా?" అంది. పది నిమిషాలు నవ్వింది.

నాలుగు వంతుల్లో నాలుగు భూములు. ఐదో వంతుకి ఐదోది, ఏనుగు దిగింది. ఎనిమిదో వంతుకి గెలిచాను.

నేను! గెలిచాను!

కానీ ఇది కూడా రాయాలి. చివరి వంతులో తన చేతిలో మూడు కార్డులున్నాయి. వాటిని చూసుకుంది, నన్ను చూసింది, మూడూ మూసి కట్టలో కలిపేసింది. "ఓడినా" అంది.

ఆ మూడూ చూపించమన్నాను.

"ఓడినోళ్ల చెయ్యి చూసేది యాడన్నా ఉందా? ముప్పై ఒకటిన వస్తాండా. మీ అత్తకు చెప్పి పెట్టు."

18, సోమవారం. ఉదయం 6.00

అత్తకు చెప్పాను. ఏం కూర చేయాలో అప్పుడే ఆలోచన మొదలుపెట్టింది.

తీర్మానం, కొత్తగా: మొత్తం అరవై, భూములు ఇరవై నాలుగు. ముప్పై ఒకటి దాకా చెయ్యి వేయను. ఈసారి పద్నాలుగు కార్డులు తీయడానికి యాభై నిమిషాలే పట్టింది.

అయితే ఇరవై నాలుగు ఎందుకు? నిన్న గెలిచింది ముప్పై భూములతో కదా. ఆ ముప్పయ్యే గెలిపించి ఉంటే ఈ తీర్మానం తెలివితక్కువ పని. భ్రమరే గెలవనిచ్చి ఉంటే ఏ లెక్కైనా ఒకటే. కార్డులైతే చూపించలేదుగానీ, సూటిగా అడిగితే దాచకుండా చెప్పేస్తుంది. అందుకే అడగను.

గెలిచానో, గెలవనిచ్చిందో నాకు తెలియదు. ఇరవై నాలుగో, ముప్పయ్యో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.