పడవ నిలబెట్టిన గొంతు

అమ్మా, నేను క్షేమం. లైఫ్ జాకెట్ విప్పకుండానే ఈ కార్డు రాస్తున్నాను, కంగారుపడకు.

సెలవులకి మా చెరువులో పడవ షికారుకి జనం విరగబడ్డారు. ఇవాళ అందరికీ జాకెట్లు తొడిగే పడవ ఎక్కించాను. చెరువు మధ్యకి రాగానే ఎవరో "అదిగో కొంగలు!" అన్నారు. ఫోటోల కోసం అంతా కుడిపక్కకి ఎగబడ్డారు. పడవ ఒరిగింది. నేనేదో తెలివైనదాన్నన్నట్టు "ఎడమపక్కకి రండి!" అని అరిచాను. అందరూ ఒక్కసారే వచ్చేశారు! ఈసారి అటు ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంజన్ ఆపేసి, అన్నాల దగ్గర నువ్వు మామీద అరిచినట్టే, "ఎక్కడివాళ్లక్కడ కూర్చోండి! లేచారంటే కాళ్లు విరగ్గొడతా!" అన్నాను. ఓ గుబురుమీసాలాయన కూడా టక్కున చతికిలబడ్డాడు. పడవ నిలబడింది!

నా అరుపు ఒడ్డుదాకా వినబడిందట. ఇకనుంచి ఏ పడవ కదలబోయినా ముందు నన్నే అరవమన్నారు ఓనరుగారు.

నాన్న మోకాలినొప్పి తగ్గిందా? నా రెయిన్‌కోటు అటకమీదుంది, పంపు. తమ్ముణ్ణి నా సైకిలు ముట్టుకోవద్దను.

"ఆడపిల్లకి ఇదేం గొంతే" అని తిట్టేదానివిగా? అది నీ దగ్గర్నుంచి వచ్చిందేనని ఓనరుగారికి చెప్పేశాను. రెండో పడవకి మీ అమ్మగారు వస్తారేమో కనుక్కోమంటున్నారు.

నాన్నకి నమస్కారాలు.

నీ కూతురు