ఇక నా సంతకమట

మంగళవారం

ఈరోజు అమీర్‌పేట కోచింగ్‌లో కస్టమ్స్ లైసెన్సు మాదిరి పరీక్ష పెట్టారు. నేనే ఫస్టు. దిగుమతి సరుకు విడిపించే మా పంజాగుట్ట ఆఫీసుకు వెళ్లగానే ఓనర్ యాదన్నకు చెప్పాను.

"మస్తు ఖుష్ చేసినవ్ చెల్లె! నువ్ పాసైతే గీ కాయితాల మీద సంతకం ఇగ నీదే," అని స్వీట్లు తెప్పించాడు.

ఆ చేత్తోనే ఒక ఫైలిచ్చాడు. "గీ బొమ్మలను స్కూల్ల పాఠాలు చెప్పే సామాన్లని రాయి. కట్టే డ్యూటీ బాగ తగ్గుతది."

"పిల్లలు ఆడుకునేటివే కదన్నా?" పొద్దున పరీక్షలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే నాకు మార్కు వచ్చింది.

"ఇయ్యాల సంతకం నాది. నీకేం ఫికర్?"

రేపు చూస్తానని వచ్చేశాను. అడగకుండానే నా కోచింగ్ ఫీజు కట్టినప్పుడు ఎంత మంచివాడో అనుకున్నాను. మంచివాడే, కాకపోతే…

ఇన్నాళ్లూ ఫెయిలవుతానేమోనని భయపడ్డాను. ఇప్పుడు పాసవుతానేమోనని భయమేస్తోంది.