తోట లేని బయానా

బొబ్బిలి,
మే 2017

చిరంజీవి ప్రమోద్‌కు,

ఎప్పుడు ఫోను చేసినా "మార్కెట్ టైమ్, అత్తా" అంటావు. అందుకే సువర్ణరేఖ పళ్ళ బుట్టలో ఈ ఉత్తరం పెట్టి పంపుతున్నాను.

మొన్న పెళ్ళిలో షేర్ మార్కెట్‌లో ఆప్షన్లంటే ఏమిటో చెప్పావు చూడు, నాకది అచ్చం మన మామిడి వ్యాపారంలాగే తోచింది. పూత మీదే ధర మాట్లాడుకుని తోటకి బయానా ఇస్తాం. కాయ నిలిచి ధర పెరిగితే లాభం. రాలిపోతే బయానా వదులుకుంటాం. ఈ ఏడు గాలివానకి గొల్లపల్లి తోట మొత్తం ఊడ్చుకుపోయింది. మీ మావయ్య ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "బయానా పోనాది. అన్నమెట్టు, ఆకలేస్తన్నాది" అన్నారు. పోయినా అన్నం సహించేంతే ఇస్తారాయన. ఆయనకి తెలిసిన సూత్రం అదొక్కటే.

నువ్వు అన్నం ముట్టడం లేదని మీ ఆవిడ తన్మయి నిన్న ఫోనులో ఏడ్చింది. నువ్వు ఆప్షన్లు కొనలేదట, అమ్మావట. అదీ నీ దగ్గర లేని షేరు మీద! అంటే తోట లేకుండానే బయానా పుచ్చుకున్నావన్నమాట. రేపు ధర ఎంత పెరిగినా బజారులో పళ్ళు కొని, ముందు ఒప్పుకున్న ధరకే ఇవ్వాల్సింది నువ్వే కదరా, వెర్రినాయనా! ఆ షేరు రోజూ ఎగురుతూనే ఉందట. దిగుతుందిలే అని కూర్చోకు. నష్టమైనా సరే, రేపు పొద్దున్నే అమ్మినవి తిరిగి కొనేసి బయటపడు.

ఆ తర్వాత ఒక పండు తిని నాకు ఫోను చెయ్యి. తియ్యగా ఉందో పుల్లగా ఉందో చెప్పలేకపోయావంటే, నువ్వింకా బయటపడలేదని నాకు తెలిసిపోతుంది.

మీ అత్తయ్య