పొయ్యి కాపలా

నవంబర్ 30, ఆదివారం

మైనస్ ఇరవై రెండు. మా కేథలిక్ గుళ్లో ఫాదర్ అప్పం పంచే సత్ప్రసాదం వేళయింది. అందరూ వరస కట్టారు, నేను లేచి పొయ్యిలో బొగ్గు వెయ్యడానికి పోయాను. మా ఆవిడ రెజీనా విడాకులు తీసుకుని కొక్షెతావ్ పట్నం వెళ్లిపోయినప్పట్నుంచీ ఇదే తంతు. విడాకులైనవాడికి సత్ప్రసాదం లేదురా అని తెక్లా చిన్నమ్మ ఆరోజే తేల్చేసింది. నలుగురి కళ్లలో పడకుండా పొయ్యి పని నెత్తినేసుకున్నాను.

పూజయ్యాక ముసలమ్మలతో అన్నాను, మీరు స్వర్గంలో చలికి వణుకుతుంటే నన్ను కేకెయ్యండి, కిందనుంచి బొగ్గు మోసుకొస్తానని. చిన్నమ్మ చేతిగుడ్డతో ఒక్కటిచ్చింది. అందరూ నవ్వారు.

డిసెంబర్ 3

ఇంట్లో నవ్వించడానికి ఎవరూ లేరు. నా జోకులన్నీ పిల్లికి కంఠతా వచ్చు.

డిసెంబర్ 7, ఆదివారం

కొత్తగా వచ్చిన ఫాదర్ కాజిమిర్ పూజయ్యాక పొయ్యి దగ్గరికొచ్చాడు. ఏం వాత్సెక్, దీనికి సరిగ్గా సత్ప్రసాదం వేళకే ఆకలేస్తుందా అన్నాడు. భక్తి గల పొయ్యి ఫాదర్ అన్నాను. నవ్వలేదు. ఇక విడాకుల సంగతి చెప్పేశాను. మళ్లీ పెళ్లి చేసుకున్నావా అన్నాడు. లేదన్నాను. ఎవరితోనైనా ఉంటున్నావా అన్నాడు. పిల్లితో అన్నాను. అప్పుడు నవ్వాడు. మరి నిన్నెవరాపారయ్యా, విడాకులైనంత మాత్రాన అడ్డేం లేదు, వచ్చి నీ పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకో, సత్ప్రసాదం తీసుకోవచ్చు అన్నాడు.

తలుపు తెరిచే ఉందట. నేనే బయట నించున్నాను.

అదే రోజు సాయంత్రం

చిన్నమ్మకి చెప్పాను. మా అమ్మ అలాగే చెప్పేదిరా, ఫాదర్లే లేని రోజుల్లో ఎవర్ని పోయి అడుగుతాం అంది. తలగుడ్డ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

మా పోలిష్ తాతల్ని సర్కారు బలవంతంగా తెచ్చి ఈ కజఖ్ మైదానంలో దింపేసి పోయాక ముసలమ్మలే మాకు గుడి. బాప్తిస్మాలు వాళ్లే ఇచ్చారు, జపాలు వాళ్లే నేర్పారు. ఒక్కటి తప్పు నేర్పారు. ఏమని తిట్టను?

డిసెంబర్ 13

పాపసంకీర్తనం చేసుకున్నాను. ఒక్క జోకూ వెయ్యలేదు. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ప్రాయశ్చిత్తంగా ఫాదర్ మరియమ్మకి చెప్పుకునే అరనిమిషం మంగళవార్త జపం ఒకే ఒక్కటి ఇచ్చాడు, రెజీనా కోసం. ఇంతేనా అనుకున్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

జపం మొదలెట్టి రెజీనా పేరు దగ్గరే ఆగిపోయాను. అది పూర్తి కాకుండా వరసలోకి ఎలా పోను? లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

డిసెంబర్ 21, ఆదివారం

మళ్లీ పొయ్యే. ఫాదర్ చూశాడు. ఏదైనా అనుంటే బాగుండేది.

డిసెంబర్ 23

పెళ్లైన కొత్తలో ఒకసారి రెజీనా టీలో ఉప్పేశాను. గుక్కెడు తాగి, భలే ఉందని, మొహం కూడా చిట్లించకుండా మిగతాది నా కప్పులో పోసింది. ఏమీ ఎరగనట్టు మొత్తం తాగాల్సొచ్చింది. ఇవాళ టీ కలుపుతుంటే అది గుర్తొచ్చి ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. ఆ నవ్వులోనే ఆమె పేరు నోట్లోంచి వచ్చేసింది. నించున్న చోటే జపం పూర్తి చేశాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలన్నాను. నిజంగానే అన్నాను.

టీ చల్లారిపోయింది.

డిసెంబర్ 25

వరసలో నించున్నాను. వెనక పొయ్యి ఆరిపోయింది. ముసలమ్మలందరూ వణికారు, ఒక్కరూ తిట్టలేదు. తెక్లా చిన్నమ్మ తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది.