గేటు కాడ వాపస్ పంపిన కుండ

శేషయ్య సారూ,

మీరు కాలం చేసిండ్రని గుంటూరు నుంచి మీ అమ్మాయి కార్డు రాసి ఏడాదాయె. అయినా గీ సంగతి మీకే చెప్పాలె. కర్మన్‌ఘాట్‌ల నా కుట్టని తేనెటీగల ఆఖరి కుండ ఇయ్యాల ఖాళీ అయింది.

ఏటా మీరు దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైకిల్ మీద మీ ఈగల కుండ ఒకటి తెచ్చి, నాదొకటి తీస్కపోతుంటిరి. “అన్నీ ఒక్క తల్లి పిల్లలైతే వంశం నిలవదండీ” అంటుంటిరి. అరవై తొమ్మిదిల తెలంగాణ గొడవలప్పుడు, ఆంధ్రాయన కుండ నీకెందుకని ఎవరన్న అడుగుతరని భయపడి, మీరు తెచ్చిన కుండను గేటు కాడికెల్లే వాపస్ పంపిన. మీరు కోపం చెయ్యలే. “మీవాటికి ఎండ తగలనీయకండి” అని సైకిలెక్కిండ్రు.

ఆ తర్వాత కుండల మార్పిడి ఆగిపోయింది, నా కుండలన్నిట్ల ఒక్క తల్లి సంతానమే. పుట్టినదాంట్ల సగం పని చెయ్యని మగ ఈగలే.

కుండ కడిగిన. మళ్ల నీడల్నే పెట్టిన.