దోమ లేని బాక్సు

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. కోపంలో ఉన్నాను కాబట్టి కాస్త తక్కువగా అందుకో.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అంటావేమో. ఫోన్ తీస్తే చాలు, నువ్వు పలికేలోపు లోను కావాలా అని ఎవడో పలుకుతున్నాడు. కవరుకి ఆ రోగం లేదు.

మా పాత వీడియో టేపులన్నీ సర్వరు అనే డబ్బాలోకి ఎక్కించి, దాన్ని మా చెప్పుల స్టాండు పక్కన పెట్టి వెళ్ళావు. బాగానే ఉంది. అందులో ఉన్నవన్నీ మావే. టీవీ మాది, సోఫా మాది. కానీ టీవీకి తగిలించిన ఆ స్ట్రీమింగ్ బాక్సు ఉంది చూశావూ, ఆన్ చెయ్యగానే ముందు పరుపులవాడు పడుకుని చూపిస్తాడు. వాడు లేస్తే బిస్కెట్లవాడు. మా ఇంట్లో మా నాటకం చూసుకోవడానికి వీళ్ళ పర్మిషన్ దేనికి? ప్రకటన అన్నది మచ్చుకైనా లేని బాక్సు చూసి పంపు.

ఇట్లు,
మీ బావ

తా.క. అన్నిటికంటే దరిద్రం ఆ దోమల కాయిల్ ప్రకటన. దోమ పాట పాడుతుంది, "అయ్యో పొగా, అమ్మో పొగా, నాకీ ఇల్లిక వద్దుగా" అని. పాడినదెవరో గానీ, నిజం దోమలు వింటే పరువు నష్టం దావా వేస్తాయి. పైగా మీ అక్క వంటింట్లో దానికి వంత పాడుతుంది. నా ఖర్మ.

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో ఏ గోడనీ వదలకుండా పళ్ళపొడులూ చెప్పులూ సిమెంటు బస్తాలూ రాసిన పెయింటరు గారికి ప్రకటనలంటే గిట్టదట! గోడౌను గోడ మీద నిలువెత్తు దోమ బొమ్మ వేసి ఆ కాయిల్‌ని అమ్మిపెట్టింది ఎవరండీ?

సరే, మూడు బాక్సులు తెచ్చి నా రిపేరు షాపులో వారం రోజులు చూశాను. మొదటిదాంట్లో తెర సగం ప్రకటనలే. రెండోదాంట్లో ప్రకటనలు లేవు, "మీ కోసం" అని ఏవో సలహాలున్నాయి. అవీ ప్రకటనలే, పేరు మార్చుకుని వచ్చాయి. మూడోది చూడ్డానికి మొద్దులా ఉంటుంది గానీ మీ సర్వరులో ఉన్నవి తప్ప ఇంకేమీ చూపించదు. సర్వరుకి నేరుగా తగిలించేది కాబట్టి ఇంటర్నెట్ తీగ పీకేసినా పనిచేస్తుంది. అదే పంపుతున్నాను.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. రిమోటుకి ఆరే బటన్లు. తిట్టడానికి విడిగా బటన్ లేదు, అది మీరు నోటితోనే కానివ్వాలి.

* * *

బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

బాక్సు పెట్టాను. పరుపులవాడు పోయాడు, బిస్కెట్లవాడు పోయాడు. తెర కడిగిన పళ్ళెంలా ఉంది. ఆహా అనుకుని పాత నాటకం పెట్టుకుని కాళ్ళు చాపానో లేదో, దోమ వచ్చింది! ఇంటర్నెట్ తీగ పీకాను. వచ్చింది. రూటరుని తువ్వాలులో మూటగట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా వచ్చింది, ఆ దిక్కుమాలిన పాటతో సహా. వారం రోజులు చూశావట, ఏం చూశావు, నా తలకాయ? కాయిల్ కంపెనీ వాడికీ నీకూ ఏమిటి సంబంధం? మర్యాదగా రాయి.

మీ అక్క మొగుడు

తా.క. బీరువా తాళంచెవి కనబడటం లేదు. మీ అక్క చీరలన్నీ లోపలే ఉన్నాయి. అదీ నీవల్లే.

* * *

బావగారికి,

దోమ బాక్సులో లేదు, ఇంటర్నెట్‌లోనూ లేదు. మీ టేపుల్లోనే ఉంది. ఆ రోజుల్లో టీవీలో వచ్చినవన్నీ అక్క రికార్డు చేసేది కదా, మధ్యలో వచ్చిన ప్రకటనలూ వాటితోపాటే ఎక్కాయి. ఏ బాక్సు కొన్నా అది పోదు. పోగొట్టకండి కూడా. మీకు దండం పెడతాను, ఆ దోమ జోలికి మాత్రం వెళ్ళకండి.

ఎందుకని నన్నడగొద్దు. అక్కకి మాటిచ్చాను.

మీ శ్రేయస్సు కోరే,
బావమరిది

తా.క. ఒకటి గమనించారా? ఏ టేపులోనూ నాటకం మొదటినుంచీ ఉండదు, చివరిదాకా ఉండదు. దోమ మాత్రం పూర్తిగా ఉంటుంది.

* * *

బావమరిదికి,

మా ఇంటి దోమ జోలికి నేను వెళ్ళకూడదా? నీ ఉత్తరం అందిన రోజే మా వీధి జిరాక్సు షాపాయన్ని పిలిపించాను. ఏదో కత్తెర ప్రోగ్రాం పెట్టాడు. ప్రకటనల్ని పసిగట్టి అదే కోసేస్తుందట. రెండు వందల పన్నెండు దోమల్ని ఒక్క పూటలో చంపాం. మళ్ళీ లేవకుండా పూర్తిగా తుడిపించేశాను.

ఆ సాయంత్రం నాటకం అడ్డు లేకుండా నడిచింది. మీ అక్క గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "కోసేశారా?" అంది. కోసేశానన్నాను. "సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఐదు రోజులైంది. కోప్పడటం లేదు, ఏడవటం లేదు, అడిగినదానికి జవాబు చెబుతోంది. వంటింట్లోంచి కూనిరాగం మాత్రం రావటం లేదు. నాకు ముద్ద దిగటం లేదురా. నువ్విచ్చిన మాటని గట్టున పెట్టి సంగతేంటో రాయి.

మీ బావ

తా.క. ఎంత దరిద్రంగా పాడినా, ఆ దోమ ఉన్నప్పుడే ఇల్లు ఇల్లులా ఉంది. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

* * *

బావగారికి,

ఆ పాడింది మా అక్క.

పెళ్ళికి ముందు, పంతొమ్మిదేళ్ళప్పుడు. స్టూడియోకి నేనే తోడు వెళ్ళాను. ముక్కు పట్టుకుని పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తను పాడింది రికార్డయ్యింది ఆ ఒక్కసారే. పెళ్ళైన మొదటి వారంలో రేడియోలో అది రాగానే మీకు చెబుదామని పరిగెత్తుకొచ్చిందట. ఈలోపే మీరు, "ఎవరిదీ గొంతు? ముందు దీనికి పెట్టాలి పొగ" అన్నారట. ఇక నోరెత్తలేదు. నాచేత కూడా ఒట్టు వేయించుకుంది. టీవీలో వచ్చిన ప్రతిసారీ టేపులో పట్టి దాచుకుంది.

రెండు వందల పన్నెండు దోమల్ని చంపానని మురిసిపోకండి. మీరు చంపింది ఒక్కదాన్నే.

బావమరిది

తా.క. సర్వరులోకి ఎక్కించాక ఆ పాత టేపుల్ని చెత్తలో పడెయ్యమన్నారు. మీ మాట నేనెప్పుడు విన్నాను గనక?

* * *

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు, పోయినసారి ఎగ్గొట్టినవి కూడా కలిపి.

నేనొట్టి మూర్ఖుణ్ణి. నీ ఉత్తరం మీ అక్క చేతిలో పెట్టి తల దించుకుని నిలబడ్డాను. "నువ్వని తెలియక తిట్టానే" అన్నాను.

"తెలియదనే కదా ఇన్నేళ్ళూ ఊరుకున్నాను" అంది. తర్వాత, "గోడౌను గోడ మీద మీరు వేసిన దోమకి ఎనిమిది కాళ్ళు. దోమకి ఉండేవి ఆరే. పెళ్ళైన కొత్తలో తీసుకెళ్ళి చూపించి, ఎలా ఉందని అడిగారు. మీ సంబరం చూసి చాలా బాగుందన్నాను" అంది.

అంతే అంది, బావమరిదీ. నాలుగు తిట్టినా బాగుండేది.

ప్రకటనలు లేని బాక్సు నాకొద్దు. ఒకే ఒక్క ప్రకటన వచ్చేది కావాలి. ఆన్ చెయ్యగానే ముందు అదే రావాలి. ఎలా చేస్తావో నాకు తెలియదు, టేపులు పట్టుకుని వెంటనే బయల్దేరు.

సిగ్గుతో,
మీ బావ

తా.క. ఇప్పుడే గోడౌను దాకా వెళ్ళి లెక్కపెట్టి వచ్చాను. ఎనిమిదే. నిచ్చెనేసుకుని రెండు చెరిపేస్తానంటే మీ అక్క ఒప్పుకోవటం లేదు. "ఒకసారి బాగుందన్నాను, ఇక దాని జోలికి వెళ్ళకండి" అంటోంది.